జర్మనీ నెమ్మదికి మన పెద్దవాళ్లు అలవాటు పడాల్సిందేనా?

కొర్లగుంట విశ్రాంత ఉద్యోగి: మ్యూనిక్‌లో మా అబ్బాయి వద్ద వీసా అనుమతించినంత కాలం ఉండి, ఈమధ్యనే తిరుపతికి వచ్చాను. అక్కడి జీవితం ఎంతో ప్రశాంతమని మెచ్చుకునేవారితో నేను ఏకీభవించలేను. ఆ ఊరు ఉన్న బవేరియా రాష్ట్రంలో రాత్రి ఎనిమిదికి అంగళ్లు మూసేస్తారు, ఆదివారమైతే అసలే తెరవరు. ఖాళీ గాజు సీసాలను వీధి చివరి డబ్బాలో వేయబోతే, ఆదివారం ఆ చప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బందని అబ్బాయి నా చేతిలోని సంచి లాక్కున్నాడు. అర్ధరాత్రి దాటినా బస్టాండు దగ్గర జనం తిరుగుతూనే ఉండే ఊరిలో వయసంతా గడిపినవాడు దీనికి అలవాటు పడాలనడం న్యాయమేనా?

చిత్తూరు ఉపాధ్యాయిని: అయ్యా, దానిని ఎవరి చాదస్తమో అన్నట్లు రాశారు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా చట్టం కాపాడాలన్న నియమం 1919 నాటి జర్మనీ రాజ్యాంగంలోనే (వైమార్ రాజ్యాంగం) ఉన్నది. ఇప్పటి రాజ్యాంగం 140వ అధికరణం ద్వారా దానిని అలాగే నిలుపుకున్నది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ అంగళ్లు తెరవవచ్చని బెర్లిన్ చట్టం చేస్తే, చర్చిల ఫిర్యాదుపై 2009లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదన్నది. మన బట్టల అంగళ్లలో పొద్దుటి నుండి రాత్రి దాకా కూర్చోవడానికి ఒక స్టూలైనా లేకుండా, చీర మీద చీర పరిచి చూపి మళ్లీ మడతపెట్టే ఆడపిల్లలను మీరు ఎన్నడూ గమనించలేదా? వారికి అటువంటి ఆదివారం ఒకటి దొరికితే మీకు కలిగే నష్టమేమిటి?

స్టుట్‌గార్ట్‌లోని తిరుపతివాడు: ఆదివారం అసలే తెరవరన్నది సరికాదు. పెద్ద రైల్వే స్టేషన్లలోని అంగళ్లు, పెట్రోలు బంకులు తెరిచే ఉంటాయి. చాలా బేకరీలు ఉదయం కొన్ని గంటలు తెరుస్తారు.

కొర్లగుంట విశ్రాంత ఉద్యోగి: పాల ప్యాకెట్టు కోసం రైల్వే స్టేషనుకు పోవాలా నాయనా?

స్టుట్‌గార్ట్‌లోని తిరుపతివాడు: పోవాలని నేను అనలేదు, తెరిచి ఉంటాయని మాత్రమే అన్నాను. శనివారమే సరుకులు తెచ్చుకుంటే ఆ అవసరమే రాదు. 1996కు ముందు శనివారం కూడా సాధారణంగా మధ్యాహ్నం రెండింటికే మూసేవారు, ఇక్కడివారు అప్పుడూ సుఖంగానే బతికారు.

భాకరాపేట రైతు: మా పక్క పల్లెల్లో రాత్రి ఎనిమిదికి ముందే అంతా సద్దుమణుగుతుంది. వీసా కూడా అక్కరలేదు, రండి.

కొర్లగుంట విశ్రాంత ఉద్యోగి: స్టేషను సంగతి వదలండి. 30,000 యూరోల బీమా చూపనిదే వీసా ఇవ్వరు. తీరా నా భార్యకు మోకాలు వాచినప్పుడు, అది పాత జబ్బు కనుక వర్తించదన్నారు. అబ్బాయి, కోడలు ఆఫీసులకు వెళితే, మనవరాలిని బడి నుండి తెచ్చేదాకా ఇద్దరం కిటికీ దగ్గర కూర్చునేవాళ్లం. వీధిలో ఎదురైనవారు నవ్వుతూ తల ఊపి సాగిపోతారు. ఆ నవ్వుకు బదులుగా చెప్పడానికి నాకు వారి భాష రాదు. ఉపాధ్యాయిని గారు రాజ్యాంగం చదివి ఉండవచ్చు, కాని ఆ ఇంట్లో ఒక మధ్యాహ్నం గడిపి చూడలేదు.

చిత్తూరు ఉపాధ్యాయిని: గడపలేదు, ఎందుకంటే నాకు ఆ తీరిక లేదు. మా తమ్ముడు కూడా ఆ దేశంలోనే ఉంటాడు. సాయంత్రం ఐదింటికి పని ముగించి చెరువు గట్టున నడుస్తున్న ఫొటోలు పంపి, జీవితాన్ని నెమ్మదిగా ఆస్వాదించడం నేర్చుకో అక్కా అని నాకు హితవు చెబుతాడు. నాన్నను వేలూరు ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి తెల్లవారకముందే లేచి, వంట ముగించి, బడికి సెలవు పెట్టేది నేను. అక్కడి చట్టం మంచిదే, ఆ మాట వెనక్కు తీసుకోను. అయితే ఇక్కడి బరువును తోబుట్టువు మీద వదిలి వెళ్లినవాడు నాకు తీరిక గొప్పతనం బోధించడమే నేను సహించలేనిది.

స్టుట్‌గార్ట్‌లోని తిరుపతివాడు: ఇది నన్నుద్దేశించిన మాటైతే నేరుగా అనండి. 2024 మార్చి 1 నుండి మొదటిసారి నివాస అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను తమతో ఉండడానికి పిలిపించుకునే వీలు కల్పించారు. అంతకు ముందే అనుమతి పొందిన నావంటివారికి అది వర్తించదు. వర్తించినా, ఆ వయసువారికి ఆరోగ్య బీమా దొరకడం ఎంత కష్టమో విచారించండి. సందర్శకుల వీసాపై 180 రోజులలో 90 రోజులకు మించి మా అమ్మానాన్నలను ఉంచుకోలేను, ఉద్యోగం వదిలి రాలేను. అందరం దొంగలమే అన్నట్లు మాట్లాడకండి.

చిత్తూరు ఉపాధ్యాయిని: రాలేరా, రావాలని లేదా? ఆ రెండూ ఒకటి కావు.

స్టుట్‌గార్ట్‌లోని తిరుపతివాడు: రావాలని లేదు. నా పిల్లలతో రోజూ రాత్రి భోజనానికి కూర్చోగలుగుతున్నాను. తిరుపతిలో మా నాన్నకు ఆ అవకాశం ఎన్నడూ దొరకలేదు.

కొర్లగుంట విశ్రాంత ఉద్యోగి: ఇంచుమించు ఇదే మాట మా అబ్బాయి కూడా అన్నాడు. అక్కడ ఇల్లు కొన్నాడు, కొర్లగుంటలోని ఇల్లు అమ్మి ఆ అప్పు తీర్చుకుందామంటున్నాడు. అంగళ్ల మూతకు నేను ఎలాగో అలవాటు పడేవాడినేమో. వాడు అలవాటు పడిపోయాడే, అది నాకు మింగుడుపడడం లేదు. ఇల్లు మాత్రం అమ్మను.

చిత్తూరు ఉపాధ్యాయిని: ఆ మాట ఇక్కడ మాతో కాదు, మీ అబ్బాయితో చెప్పండి.