నాస్తి మూల‘మ’నౌషధమా, మూలం ‘వ’నౌషధమా?

చిత్తుప్రతి:
మందు పెట్టెలో మడతపెట్టి ఉంచే సమాచార పత్రం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘ఎక్సిపియెంట్’ దగ్గర కలం ఆగిపోయింది. మాత్రలో అసలు మందు కాక మిగిలినవన్నీ అవే కదా, లాక్టోజ్, స్టార్చ్, మెగ్నీషియం స్టియరేట్ లాంటివి. ఆలోచిస్తూంటే ఎప్పుడో విన్న శ్లోకం ముక్క వెంటపడింది: ‘అమంత్రమక్షరం నాస్తి, నాస్తి మూలం వనౌషధం’. మూడో పాదం గుర్తు రావడం లేదు. నాలుగోదాంట్లో ‘యోజక’ ఉంది. విడివిడి వస్తువులను కూర్చేది యోజకం అనుకుంటే, ఎక్సిపియెంట్‌కు ఆ మాట సరిపోతుందా?

అచ్చుతప్పు:
మూడోది ‘అయోగ్యః పురుషో నాస్తి’, నాలుగోది ‘యోజకస్తత్ర దుర్లభః’. మంత్రం కాలేని అక్షరం లేదు, పనికిరాని మనిషీ లేడు, తగిన చోట కూర్చి వాడేవాడే దొరకడం కష్టమని. అది సరే గాని, రెండో పాదంలో మీరు ‘వ’ రాశారు. అక్కడ ఉండాల్సింది ‘మ’. మూలమ్ + అనౌషధమ్. మందుకు పనికిరాని వేరే లేదని అర్థం. ‘వనౌషధం’ అంటే ఏ వేరూ అడవిమందు కాదని తేలుతుంది. శ్లోకం ప్రాణమే పోతుంది.

గురులఘువు:
‘వ’ పాఠం నేనూ చాలామంది నోట విన్నాను. ఛందస్సు ఆ తప్పును పట్టివ్వదు. ఈ శ్లోకం నడిచే అనుష్టుప్పు ఛందస్సులో అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, రెండు, నాలుగు పాదాల్లో ఏడోది లఘువు కావాలి. ‘మ-నౌ-ష’, ‘వ-నౌ-ష’ రెండూ చక్కగా ఇముడుతాయి. నాలుగో అక్షరం ‘ల’ అయినా ‘లం’ అయినా పట్టింపు లేదు. కాబట్టి చెవి అడ్డు చెప్పదు, అర్థమే చెప్పాలి.

అచ్చుతప్పు:
అర్థం చెబుతూనే ఉంది కదండీ. అమంత్రం, అనౌషధం, అయోగ్యః. మూడు పాదాల్లో మూడు నిషేధాలు. మధ్యది తీసేస్తే వరుస కూలిపోతుంది. చరకసంహిత సూత్రస్థానం ఇరవై ఆరో అధ్యాయంలో ‘నానౌషధిభూతం జగతి కించిద్ ద్రవ్యమ్’ అని ఉంది. ఔషధం కానిది లోకంలో ఏదీ లేదని. అక్కడా ‘కానిది’ అని చెప్పే అదే ‘అన్’.

పాతమాట:
ఆ చరక వాక్యం అక్కడితో ఆగదు, వెంటనే ‘యుక్తి’ వస్తుంది. ఏ యుక్తితో, ఏ ప్రయోజనానికి వాడుతున్నామన్నదాన్ని బట్టే ద్రవ్యం ఔషధమవుతుంది. శ్లోకంలో యోజకుడు చేసే పనీ అదే. కాబట్టి యోజకుడు మనిషి. చిత్తుప్రతి గారూ, మనిషిని పట్టుకొచ్చి పొడిలో కలపకండి. ఎక్సిపియెంట్‌కు మనకు ‘అనుపానం’ ఉంది.

మందులగది:
నేను ఫార్ములేషన్‌లో, అంటే మందును మాత్రగానో ద్రవంగానో రూపొందించే పనిలో ఉన్నాను. అనుపానం ఒప్పుకోను. తేనె, నెయ్యి, పాలు, గోరువెచ్చని నీళ్ళు, ఇవి మందుతో పాటు రోగి బయటి నుంచి తీసుకునేవి. ఎక్సిపియెంట్ మాత్ర లోపలే ఉంటుంది. రోగికి అది కనిపించదు, దాన్ని మార్చుకోవడం రోగి చేతిలో లేదు. రెంటినీ ఒకే మాటతో పిలిస్తే పత్రం చదివేవాళ్ళు పొరబడతారు.

కొందరు రాసే ‘జడ పదార్థం’ ఇంకా ప్రమాదం. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందును ద్రవరూపంలో అమ్మారు. దాన్ని కరిగించడానికి వాడిన డైఇథిలీన్ గ్లైకాల్ వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. చంపింది అసలు మందు కాదు, తోడు వచ్చినది. మరుసటి ఏడాది అక్కడ కొత్త చట్టం వచ్చింది. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ క్యాప్సూల్స్‌లో కాల్షియం సల్ఫేట్ తీసి లాక్టోజ్ పెట్టారు. మందు మోతాదు మారలేదు. ఒంటికి పట్టే మందు పెరిగి రోగుల్లో విషలక్షణాలు కనిపించాయి. దాన్ని జడం అని ఎలా అనగలం?

చిత్తుప్రతి:
ఇది చదివాక ‘యోజకం’ మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఒంటికి ఎంత అందాలో తేల్చేది అదే అయితే, యోజన అదే చేస్తున్నట్టు కదా!

మందులగది:
ఇష్టం నాకూ ఉంది. కానీ మాత్ర పొడిపొడి కాకుండా పట్టి ఉంచే ‘బైండర్’ వేరే ఉంది. యోజకం అనగానే మా వాళ్ళు బైండర్ అనుకుంటారు. ఎక్సిపియెంట్లలో అది ఒక రకమే. పరిమాణం పెంచేవి, అచ్చుకు అంటకుండా చూసేవి, కడుపులో విచ్చుకునేలా చేసేవి, రంగులు, పూతలు ఇంకా ఉన్నాయి.

గురులఘువు:
‘మోతాదు’ అన్నారు కాబట్టి ఒక మాట. అది అరబ్బీ ‘ముఅతాద్’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలార్థం అలవాటైనది. డోస్ గ్రీకు మాట, ఇచ్చినది అని అర్థం. మన ‘మాత్ర’ అంటే కొలత. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. సంస్కృత వైద్యంలోనూ మాత్ర అంటే పుచ్చుకోవాల్సిన కొలతే. ఆ కొలత మన వాడుకలో గట్టిపడి బిళ్ళ అయింది. తమిళంలో మాత్తిరై, కన్నడంలో మాత్రె కూడా అంతే. పద్యం, మందు ఒకే కొలబద్దతో నడవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

పాతమాట:
మాత్ర సంగతి వచ్చింది కాబట్టి, దాన్ని పత్రాల్లో ‘సేవించండి’ అని రాయడం నాకు నచ్చదు. మనం మాత్ర వేసుకుంటాం, మింగుతాం.

మందులగది:
ఇక్కడ క్రియాపదం చాలా ముఖ్యమండీ. కొన్ని మాత్రలకు కడుపులోని ఆమ్లంలో కరగకుండా, పేగుల్లోకి వెళ్ళాక కరిగేలా పూత వేస్తారు. కొన్ని మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. అలాంటిదాన్ని నమిలితే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగవచ్చు. ‘సేవించండి’ అంటే నమలకూడదని తెలియదు. ‘నమలకుండా, విరవకుండా మింగండి’ అనే రాయాలి.

పాతమాట:
మింగడం అంటే పోతన గారే. ‘మ్రింగెడి వాడు విభుండని, మ్రింగెడిదియు గరళమనియు’. ఎవరు మింగుతున్నారో, ఏం మింగుతున్నారో రెండూ తెలిసే ఆ తల్లి ‘మ్రింగు’మంది. ఒకే ధాతువును మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ బరువు పెంచారు. ‘మేలని ప్రజకున్’ దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. చరకుడి ‘యోగాదపి విషం తీక్ష్ణముత్తమం భేషజం భవేత్’ కూడా వెంటనే గుర్తొస్తుంది. యోగం కుదిరితే తీక్ష్ణమైన విషమూ ఉత్తమమైన మందే.

అచ్చుతప్పు:
పోతన గారి దగ్గర శివుడు దాన్ని గొంతులోనే ఆపాడండీ. దాన్ని మందుగా లెక్కకట్టడం సరికాదు. చరకుడి శ్లోకం రెండో సగం కూడా చెప్పండి: ‘భేషజం చాపి దుర్యుక్తం తీక్ష్ణం సంపద్యతే విషమ్’. సరిగా వాడకపోతే మందే విషం. ఫెనిటోయిన్ కథ ఈ సగానిదే.

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారాలు. ‘మ’ దిద్దుకున్నాను. ‘సేవించండి’ తీసేసి ‘మింగండి’ పెట్టాను. ఎక్సిపియెంట్ దగ్గర ఇప్పటికి ‘మందుతో పాటు ఉన్న ఇతర పదార్థాలు’ అని రాసి, కింద ఒక్కోదాని పేరూ ఇస్తున్నాను. లాక్టోజ్ పడనివాళ్ళకు ఆ పేరు కనబడటమే ముఖ్యం. ఒక్క మాటలో ఇంకా ఏదైనా తడితే చెప్పండి.

గురులఘువు:
‘సహద్రవ్యం’ చూడండి. ఇంతకీ నాలుగో పాదంలో ‘యోజకస్తత్ర’ అన్నారు, నేను నేర్చుకున్నది ‘యోజకస్తస్య’. ‘త్ర’నా, ‘స్య’నా?

అచ్చుతప్పు:
‘త్ర’. ఆ మూడు చోట్లా అని అర్థం. ‘తస్య’ అంటే ఒక్క పురుషుడికే అంటుకుని, అక్షరం, వేరు బయట పడిపోతాయి.

గురులఘువు:
పడిపోవు. ‘తస్య’ ముందున్న మూడింటినీ కలిపి ఒక్కటిగా చూపుతోందని నా వాదన. రాత్రికి వివరంగా రాస్తాను.