ఊరిని ఊరే జరుపుతున్నారు: స్వీడన్ కిరునా లాంటి ఊళ్ళు అక్కడ ఇంకా ఉన్నాయా?

కృష్ణ ఒడ్డు (నందికొట్కూరు):

2025 ఆగస్టులో స్వీడన్ ఉత్తర కొసన కిరునా అనే ఊళ్ళో ఒక పెద్ద చెక్క చర్చిని విప్పకుండా, నిలబెట్టింది నిలబెట్టినట్టే చక్రాల బండ్ల మీదికి ఎక్కించి 5 కిలోమీటర్లు తీసుకెళ్ళిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. 1912లో కట్టిన చర్చి, బరువు 672 టన్నులు, రెండు రోజులు పట్టింది. అందరూ చర్చి గురించే మాట్లాడారు కానీ నాకు ఆశ్చర్యం వేసింది వేరే విషయానికి. చర్చి ఒక్కటే కాదు, ఊరి నడిబొడ్డు మొత్తం అక్కడి నుంచి లేచి సుమారు 3 కిలోమీటర్లు తూర్పుకు పోతోంది. పట్టణంలో జనం 18 వేల లోపే, మన నందికొట్కూరులో సగం కూడా లేరు, అయినా ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని మీద ఉన్నారు.

ఇది నాకు ఇంతగా ఎందుకు పట్టిందంటే మాది శ్రీశైలం ముంపు కుటుంబం. మా జేజి పుట్టిన ఊరు, మెట్టిన ఊరు రెండూ నీళ్ళ కిందే ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు, దేవుడికి జరిగిన ఆ మర్యాద ఊరికి జరగలేదు అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. పరిహారం డబ్బులు చేతికి వచ్చేసరికి పక్క ఊళ్ళలో భూముల ధరలు పెరిగిపోయాయి, ఒకే వీధిలో ఉన్న వాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. ఆ తర్వాత వాళ్ళలో చాలామంది ఒకరి చావుకు ఒకరు వెళ్ళడం కూడా కుదరలేదు.

అందుకే తెలిసినవాళ్ళను అడుగుతున్నా. కిరునాను అసలు ఎందుకు జరపాల్సి వచ్చింది, ఖర్చు ఎవరిది, ఇల్లు పోయినవాళ్ళకు ఏం ఇస్తున్నారు? ఆ పక్క ఇట్లా జరిగిన ఊళ్ళు ఇంకా ఉన్నాయా? టూరిజం లింకులు వద్దు, విషయం కావాలి.

బేతంచెర్ల మైనింగ్:

అన్నా, నేను క్వారీల్లో, ఓపెన్ కాస్ట్‌లో పని చేసినవాడిని, మొదటి ప్రశ్న నేను తీసుకుంటా. మన ఓబుళాపురం వైపు ఇనుప ఖనిజం కొండ మీదే దొరుకుతుంది, పైనుంచి తవ్వుకుంటూ రావచ్చు. కిరునాలో అట్లా కాదు. అక్కడి ఖనిజం ఒక మందపాటి పలకలాగా సుమారు 4 కిలోమీటర్ల పొడవున, సగటున 80 మీటర్ల మందంతో, భూమిలోకి ఏటవాలుగా దిగి ఉంది. ఆ వాలు తూర్పుకు, దాదాపు 60 డిగ్రీలు, అంటే సరిగ్గా ఊరి కిందికి. మొదట్లో పైనుంచే తవ్వారు, 1960ల నుంచి పని భూమి లోపలికి పోయింది, ఇప్పుడు రైళ్ళలో ఖనిజం లాగే ప్రధాన లెవెల్ 1365 మీటర్లది.

అసలు కారణం తవ్వే పద్ధతిలో ఉంది. కింది నుంచి ఖనిజాన్ని పేల్చి లాగేసుకుంటారు, ఖాళీ అయిన చోటును నింపరు. పైన ఉన్న బండ దానంతటదే విరిగి ఆ ఖాళీలో పడుతుంది. ఖర్చు తక్కువ, ఖనిజం ఎక్కువ వస్తుంది, అందుకే ఆ పద్ధతి. కానీ ఆ విరుగుడు లోపలే ఆగదు, పైకి పాకి చివరికి నేల మీద పగుళ్ళుగా తేలుతుంది, గని ఎంత లోతుకు పోతే పగుళ్ళు ఊరివైపు అంత దూరం జరుగుతాయి. 2004లో కంపెనీ ఈ మాట ఊరికి బహిరంగంగా చెప్పింది. ఇది గమనించాల్సిన సంగతి, ఎందుకంటే పగుళ్ళు ఇళ్ళ దాకా రాకముందే చెప్పారు. గోడలు చీలాక చెప్పి ఉంటే మనం ఈరోజు వేరే కథ చదివేవాళ్ళం.

ఇంకో సంగతి కూడా తెలియాలి, ఆ ఊరు పుట్టిందే గని కోసం. ఎల్‌కేఏబీ అనే ఆ గని కంపెనీ 1890లో మొదలైంది, ఊరు 1900లో. యాల్మార్ లుండ్‌బోమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త మొదటి మేనేజరు, ఊరి ప్లాను దగ్గర కూర్చుని గీయించిన మనిషి ఆయన. ఎక్కడో ఆర్కిటిక్ వలయానికి ఇంకా 145 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న చోట తవ్విన ఖనిజాన్ని ఏం చేసుకుంటారు, రేవు కావాలి. స్వీడన్ వైపు లూలియో రేవు చలికాలంలో గడ్డకడుతుంది. నార్వే వైపు నార్విక్ ఇంకా ఉత్తరాన ఉన్నా అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల అక్కడ సముద్రం గడ్డకట్టదు. అందుకే కొండలు కోసి నార్విక్‌కు రైలు వేశారు, 1902కల్లా పూర్తయింది. 1940లో నార్విక్ కోసం జర్మనీకి, మిత్రదేశాలకు అంత యుద్ధం జరిగిందంటే ఈ ఖనిజం కోసమే. యూరోపియన్ యూనియన్‌లో తవ్వే ఇనుప ఖనిజంలో అత్యధిక భాగం నేటికీ ఈ కంపెనీదే. కాబట్టి గని ఆపేసి ఊరిని ఉంచండి అనడానికి లేదు, గని ఆగితే ఊరికి అక్కడ పనే లేదు.

ఖర్చు గని కంపెనీదే. స్వీడన్ ఖనిజ చట్టం ప్రకారం తవ్వకం వల్ల నష్టం చేసినవాడే కట్టాలి. ఆ కంపెనీ ప్రభుత్వానిదే అనుకోండి. ఇల్లు ఉన్నవాళ్ళకు రెండు దారులు: మార్కెట్ ధర మీద ఇంకో 25 శాతం కలిపి డబ్బు తీసుకోవడం, లేదంటే కొత్త చోట ఇల్లు తీసుకోవడం. మీరు చెప్పిన భూముల ధరల సమస్య ఉంది చూడండి, ఆ రెండో దారి దానికి జవాబు. ధర ఎంత పెరిగినా ఇల్లుకు ఇల్లు వస్తుంది. మన ముంపు ఊళ్ళలో కూడా భూమికి భూమి అని అడిగింది ఇందుకే కదా.

కడప జాగ్రఫీ మేడమ్:

ఇలా జరిగిన ఊళ్ళు ఇంకా ఉన్నాయా అన్నారు కదా, చాలానే ఉన్నాయండీ, వాటిలో కొన్ని కిరునా కంటే 300, 400 ఏళ్ళ ముందువి. కాకపోతే వాటి కారణం గని కాదు, మన ముంపుకు సరిగ్గా తిరగబడిన కారణం. మనకు నీళ్ళు ఊరి మీదికి వచ్చాయి, వాళ్ళ ఊళ్ళను వదిలి సముద్రం వెళ్ళిపోయింది.

మంచుయుగంలో స్వీడన్, ఫిన్లాండ్ మీద 3 కిలోమీటర్ల దాకా మందం ఉన్న మంచు ఉండేది. ఆ బరువుకు నేల కిందికి కుంగింది. సుమారు 10 వేల ఏళ్ళ కిందట ఆ మంచు కరిగిపోయింది. నాపరాళ్ళ లోడు దించితే లారీ బాడీ పైకి లేస్తుంది కదా, నేల కూడా అట్లాగే లేస్తోంది, కాకపోతే ఇంకా లేస్తూనే ఉంది. స్వీడన్, ఫిన్లాండ్ మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరంలో ఏడాదికి 8, 9 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది, కానీ నూరేళ్ళకు దాదాపు మీటరు అవుతుంది, అంత లోతు తగ్గితే పడవ రేవులోకి రాదు.

లూలియో పేరు పైన వచ్చింది, దాని కథ ఇదే. 1621లో రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్ దానికి పట్టణ హోదా ఇచ్చాడు. అప్పటికే రేవు పూడినట్టు లోతు తగ్గుతోంది. 1649కల్లా, అంటే ముప్పై ఏళ్ళు తిరగకముందే, పట్టణాన్ని సముద్రం దగ్గరికి సుమారు 10 కిలోమీటర్లు జరిపేశారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది, పాత ఊరిని పాడుబెట్టకపోవడం. అక్కడ 1492 నాటి రాతి చర్చి ఉంది, దాని చుట్టూ 400 పైచిలుకు చిన్న చిన్న ఎర్ర చెక్క ఇళ్ళు ఉన్నాయి. రోజూ కాపురం ఉండే ఇళ్ళు కావు అవి. ఆ చలిలో, ఆ దూరాల్లో, పల్లెల నుంచి ప్రార్థనకు వచ్చినవాళ్ళు ఒక్క రోజులో తిరిగి వెళ్ళలేరు కాబట్టి రాత్రి ఉండటానికి ఎవరికి వాళ్ళు కట్టుకున్నవి. మన తిరనాళ్ళకు దూరం నుంచి వచ్చినవాళ్ళు సత్రంలో ఉంటారు, వాళ్ళు కుటుంబానికో గుడిసె కట్టుకున్నారు. పట్టణం వెళ్ళిపోయినా చర్చి అక్కడే ఉంది కాబట్టి ఆ ఇళ్ళూ నిలిచాయి, 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. గామెల్‌స్టాడ్ అని వెతకండి.

పక్కనే పిటియో, అదీ 1621లోనే పట్టణం అయింది, 1666లో అగ్నిప్రమాదంలో కాలిపోయాక తీరానికి జరిగింది. ఇంకా దక్షిణాన ఓస్ట్‌హమ్మర్ వాళ్ళు రేవు లోతు తగ్గుతోందని 1491లోనే సముద్రం ఒడ్డున ఒరెగ్రుండ్ అని కొత్త ఊరు పెట్టుకున్నారు. ఫిన్లాండ్‌లో వాసా పట్టణం 1606లో పుట్టి, 1852లో దాదాపు మొత్తం కాలిపోయి, 1862లో 7 కిలోమీటర్ల దూరంలో సముద్రం పక్కకు మారింది. చూడండి, చాలా చోట్ల సముద్రం వెళ్ళిపోవడం ఒక్కటే సరిపోలేదు. అంతా చెక్క ఇళ్ళే కాబట్టి ఒక మంట అంటుకుంటే ఊరు పోయేది, ఎటూ మళ్ళీ కట్టాలి కదా, నీళ్ళ దగ్గర కట్టుకుందాం అనుకునేవాళ్ళు.

కృష్ణ ఒడ్డు:

మేడమ్, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరం వస్తుందనుకోలేదు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఇల్లు సొంతం అయినవాళ్ళకు 25 శాతం సరే. అద్దెకు ఉన్నవాళ్ళ సంగతేంటి? మాకు పట్టా ఉన్నవాళ్ళకే అంతో ఇంతో వచ్చింది, కౌలుకు చేసుకున్నవాళ్ళకు, కూలీలకు, చేపలు పట్టుకున్నవాళ్ళకు చేతికి ఏమీ రాలేదు. అక్కడ ఆ గని రాకముందు ఎవరూ లేరా?

లూలియో నుంచి అనంతపురం అమ్మాయి:

నేను ఇక్కడే చదువుకుంటున్నాను, కిరునా రైల్లో మూడు నాలుగు గంటల దారి. మీరు అడిగిన ప్రశ్న ఇక్కడ కూడా అడుగుతున్నారు.

అద్దెవాళ్ళకు కొత్త చోట అద్దె ఇళ్ళు ఇచ్చారు, కానీ కొత్త భవనం అంటే అద్దె ఎక్కువ. ఒకేసారి భారం పడకుండా కొన్నేళ్ళ పాటు మెట్లు మెట్లుగా పెంచే ఏర్పాటు చేశారు. చిన్న దుకాణాలవాళ్ళకు అయితే కొత్త సెంటర్‌లో అద్దెలు కట్టడం కష్టంగానే ఉంది. కొత్త నగర కేంద్రం 2022 సెప్టెంబరులో తెరిచారు, టౌన్ హాల్ అంతకు ముందే 2018లో వచ్చింది, పాత టౌన్ హాల్ గడియారపు గోపురాన్ని తెచ్చి దాని పక్కన నిలబెట్టారు. చూడటానికి బాగుంది. కానీ లుండ్‌బోమ్ కాలంలో పాత ఊరిని కొండ వాలు మీద ఊరికే పెట్టలేదు. చల్లగాలి బరువు ఎక్కువ, పల్లానికి దిగుతుంది, వాలు మీద ఉంటే ఆ చలి తప్పుతుంది. కొత్త చోటు పల్లంలో ఉంది. చలికాలంలో అక్కడ పాత ఊరి కంటే బాగా చల్లగా ఉంటుందని పరిశోధకులే చెప్తున్నారు. డబ్బు ఇచ్చి, ప్లాన్లు గీసి, ఇంత చేసినవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకుని ఉండాల్సింది, నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

గని రాకముందు ఎవరూ లేరా అంటే ఉన్నారు. సామి ప్రజలు, రెయిన్‌డీర్ జింకల్ని మేపుకునేవాళ్ళు. గాబ్నా, లేవాస్ అనే రెండు సామి సమూహాల మేత దారులు కిరునా చుట్టూనే పోతాయి. మన దగ్గర గొర్రెల కాపరులు కాలాన్ని బట్టి మందల్ని తోలుకుపోతారు కదా, అట్లాగే వీళ్ళూ చలికాలం అడవికి, ఎండాకాలం కొండలకు వెళ్తారు. గని, రైలు మార్గం, రోడ్డు, ఇప్పుడు కొత్త ఊరు, అన్నీ ఆ దారికి అడ్డంగానే వచ్చాయి. 2023 జనవరిలో పక్కనే పెర్ గేయర్ అనే చోట రేర్ ఎర్త్స్ అనే అరుదైన లోహాల ఆక్సైడ్లు 10 లక్షల టన్నులకు పైగా ఉన్నాయని ప్రకటించారు, అది గాబ్నా వాళ్ళకు మిగిలిన సన్నటి దారి మీదే ఉంది. ఇళ్ళకు 25 శాతం లెక్క కట్టొచ్చు. మంద నడిచే దారికి ఎంత కడతారు, దాన్ని ఎక్కడికి జరుపుతారు?

హగరి ఇసుక (కణేకల్లు):

గని అయింది, సముద్రం అయింది, ఇసుక సంగతి ఎవరూ చెప్పలేదు. మా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వచ్చి చూడండి, జూన్, జులై గాలికి హగరి ఏట్లో ఇసుక లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. కంచె సగం, గట్టు మొత్తం కనపడకుండా పోతాయి. ఇది మాకే ఉందనుకునేవాడిని, డెన్మార్క్ ఉత్తర కొసన స్కాగెన్ గురించి చదివేదాకా.

అక్కడ చెట్లు కొట్టేశారు, ఉన్న గడ్డి పశువులు మేసేశాయి, దాంతో ఇసుక కదిలింది. ఊరి చర్చి 14వ శతాబ్దంలో కట్టింది. 18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి ప్రార్థనకు వచ్చినవాళ్ళు ముందు తలుపు దగ్గర ఇసుక తవ్వుకుని లోపలికి పోవాల్సి వచ్చేది. 1795లో ఇక కాదని మూసేశారు. తర్వాత చర్చి కూల్చి రాయి అమ్మేశారు, గోపురం ఒక్కటి ఉంచారు, ఎందుకంటే సముద్రం మీద వచ్చే పడవలకు అది గుర్తు. ఇప్పటికీ ఇసుకలోంచి తెల్లగా నిలబడి ఉంటుంది.

కానీ ఊరు పోలేదు. 19వ శతాబ్దంలో ప్రభుత్వం పూనుకుని ఇసుక మీద గడ్డి, ఆ తర్వాత పైన్ చెట్లు నాటించింది. అంతా అయ్యాక ఒక్క దిబ్బను మాత్రం, రోబ్యెర్గ్ మీలె అంటారు, అట్లాగే వదిలేశారు, ఇసుక ఎట్లా కదులుతుందో జనం చూడటానికి. అది ఏడాదికి 15 మీటర్లకు పైనే జరుగుతోంది. అంటే మిగతాదంతా ఆగింది కాబట్టే దీన్ని వదలగలిగారు. మా వైపు కూడా చెట్లు నాటే స్కీములు వచ్చాయి, మొక్కలు పెట్టారు, రెండు గాలికాలాలకు ఇసుక కప్పేసింది. వాళ్ళకు నిలిచింది, మాకు ఎందుకు నిలవలేదు మేడమ్?

కడప జాగ్రఫీ మేడమ్:

మీ మాటలోనే జవాబు ఉందండీ, వాళ్ళు గడ్డి ముందు పెట్టారు, చెట్లు తర్వాత. ఆ తీరాల్లో వాడే మర్రం గడ్డికి ఒక గుణం ఉంది, ఇసుక కప్పేకొద్దీ అది ఇంకా బలంగా పైకి పెరుగుతుంది, వేళ్ళు, కింది కాండం ఆ ఇసుకను అల్లుకుంటాయి. ఇసుక ఆగాకే చెట్టు నిలుస్తుంది. మొక్కను నేరుగా కదిలే ఇసుకలో పెడితే అది కప్పబడి చస్తుంది, లేదంటే వేళ్ళ కింద ఇసుక పోయి ఒరిగిపోతుంది. మర్రం మన ఎండకు బతకదు. కానీ ఏటి ఇసుకలో మనకు రెల్లు ఉంది, దాని దుంపవేళ్ళు లోతుకు పోయి ఇసుకను పట్టుకుంటాయి, ఎవరూ నాటకుండానే వస్తుంది. హగరి తూర్పు గట్టున రెల్లును కాల్చకుండా, పీకకుండా కొన్నేళ్ళు వదిలితే చాలు. దాని వెనక కానుగ, సర్వి వరుసలు పెట్టి చూడండి. గాలి పడమటి నుంచి కదా, వరుసలు దానికి అడ్డంగా, ఉత్తరం దక్షిణంగా రావాలి. మీ మండలంలో ఎవరైనా రైతు ఇప్పటికే ఇట్లా చేసి ఉంటే వివరాలు ఇక్కడ రాయండి, ఫొటోలు కూడా పెట్టండి.