అప్‌డేట్: మా తమ్ముడి వెన్నులో ఉన్నది టీబీ కాదు

పోయినసారి నేను అడిగింది ఇదీ: ఏళ్లుగా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నుపూసలు వాచి, మెల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు) ఉన్న మా తమ్ముడికి కొత్తగా నడుము పైన నొప్పి. ఎంఆర్‌ఐ రిపోర్టులో డీ11-డీ12 (వీపు కింది భాగంలోని రెండు వెన్నుపూసలు) దగ్గర ఇన్ఫెక్షన్, బహుశా టీబీ అని రాశారు. బయాప్సీ లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టొచ్చా అని. ముందు బయాప్సీ చేయించమన్న అందరికీ థాంక్స్ అండీ.

ఇక్కడే బెంగళూరులో రుమటాలజిస్టుకీ, వెన్నెముక సర్జన్‌కీ చూపించాం. టీబీ అనుమానం ఊరికే రాలేదు. స్పాండిలైటిస్‌కి వాడు వేసుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి లోపల నిద్రపోతున్న టీబీని లేపగలదు, అందుకే ముందు దాన్ని ఆపించారు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు) స్పాండిలైటిస్‌లోనూ పెరుగుతాయి, ఇన్ఫెక్షన్‌లోనూ పెరుగుతాయి, వాటితో తేలదు. దారి చూపింది సీటీ స్కాన్. అతుక్కుపోయి బిగుసుకున్న వెన్ను డిస్కు దగ్గర విరిగినప్పుడు వెనకవైపు ఎముక కూడా చీలుతుందట. అదే కనిపించింది, చుట్టూ చీము లేదు. బయాప్సీలో జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమిని త్వరగా పట్టే పరీక్ష) నెగెటివ్. టీబీ కల్చర్‌కి (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) మాత్రం ఆరు వారాల దాకా ఆగాలి, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చివరికి అదీ నెగెటివే.

ఇలా డిస్కు దగ్గర వెన్ను విరగడాన్ని ఆండర్సన్ లీజన్ అంటారు. 1937లోనే వర్ణించిన జబ్బు పేరు మొదటి రిపోర్టులో కనీసం అనుమానంగానైనా లేకపోవడం నాకింకా మింగుడుపడట్లేదు.

ఇప్పుడు బెల్టు వేసుకుంటున్నాడు, ఇంజెక్షన్ మళ్లీ మొదలైంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఇబ్బందైనా వెంటనే రమ్మన్నారు. బెల్టుతో ఎముక అతక్కపోతే స్క్రూలు వేసే ఆపరేషన్ తప్పదు. బైకు పూర్తిగా బంద్, అమ్మ తాళం దాచేసింది.