మెకట్రానిక్స్ తీసుకోవచ్చా, లేక ఊరి దగ్గర సీఎస్ఈనే నయమా?

ఖమ్మం_పిల్ల:
వెబ్ ఆప్షన్లకి టైమ్ దగ్గర పడింది, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. నా ర్యాంకుకి హైదరాబాద్ ఎంజీఐటీలో మెకానికల్ మెకట్రానిక్స్ వచ్చేలా ఉంది, లేకపోతే మా ఊరి దగ్గర కాలేజీలో సీఎస్ఈ. నాన్న సీఎస్ఈ అంటున్నారు, మామయ్యేమో "ఆ బ్రాంచిలో ఆడపిల్లకి ఉద్యోగం ఎవడిస్తాడు" అని తేల్చేశాడు. నాకు ఫిజిక్స్ ఇష్టం, బోరు మోటారు స్టార్టర్ డబ్బా మూత తీసి లోపల ఏముందో చూసే రకం. కోడింగంటే భయం లేదు గానీ పొద్దస్తమానం అదే అంటే నా వల్ల కాదు. అసలు ఈ కోర్సులో ఏం చెప్తారు? తర్వాత గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయొచ్చా? జర్మనీ వెళ్లేవాళ్లు చాలామంది ఈ బ్రాంచే అంటున్నారు, నిజమేనా?

ఫైనలియర్_వైర్లు:
వేరే కాలేజీలో ఇదే బ్రాంచి చదువుతున్నా, ఉన్నదున్నట్టు చెప్తా. ఫస్టియర్ అందరితో పాటే. సెకండియర్ నుంచి ఒక పక్క స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థర్మో, ఇంకో పక్క సర్క్యూట్లు, ఆప్-ఆంప్‌లు, మైక్రోకంట్రోలర్లు. మెకానికల్ వాళ్లకి ఎలక్ట్రానిక్స్ బరువు ఉండదు, ఈసీఈ వాళ్లకి బీములు, గేర్లు ఉండవు, మనకి రెండూ ఉంటాయి. మ్యాథ్స్ తప్పించుకోలేవు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్కలు రాకపోతే థర్డియర్ కంట్రోల్ సిస్టమ్స్‌లో బోర్డు మీద ఏం గీస్తున్నారో కూడా అర్థం కాదు.

నాకు బాగా నచ్చింది న్యూమాటిక్స్ ల్యాబ్, అంటే గాలి ఒత్తిడితో యంత్రాలు నడపడం. గాలితో ముందుకీ వెనక్కీ కదిలే సిలిండర్లు రెండు ఇస్తారు. మొదటిది ముక్కని బిగించి పట్టుకోవాలి, రెండోది దిగి రంధ్రం వేసి వెనక్కి రావాలి, అది వచ్చాకే మొదటిది వదలాలి. వినడానికి ఇంతే కదా అనిపిస్తుంది. సిలిండర్ చివరిదాకా రాగానే నొక్కుకునే లిమిట్ స్విచ్‌లని నేరుగా గాలి వాల్వులకి కలిపితే రెండో సిలిండర్ కిందికి దిగి అక్కడే నిలబడిపోతుంది. ఎందుకంటే "వెనక్కి రా" అనే సిగ్నల్ వచ్చేసరికి "ముందుకు పో" అనే పాత సిగ్నల్ ఇంకా అలాగే ఉంటుంది, మొదటి సిలిండర్ ఆ స్విచ్‌ని ఇంకా నొక్కే ఉంచింది కాబట్టి. రెండు వైపులా గాలి ఒకేసారి నెడితే వాల్వు ఎటూ కదలదు. ఇది పీఎల్‌సీలో (ఫ్యాక్టరీ యంత్రాలని నడిపే చిన్న కంప్యూటర్) స్టెప్పులుగా రాస్తే పోతుంది, ఒక్కో స్టెప్పులో ఒక్క కదలికకే అనుమతి. అయితే ముందు గాలి పైపులతో తంటాలు పడి ఆ తర్వాత లాడర్ (పీఎల్‌సీ ప్రోగ్రాం) రాస్తేనే కిక్కు. స్టార్టర్ డబ్బా విప్పే రకం అన్నావుగా, నీకు ఇది పడుతుంది.

పుణె_ప్యానెల్:
మాది గుంటూరు, చాలా ఏళ్లుగా పుణెలో ఫ్యాక్టరీ ఆటోమేషన్ పని. చూడమ్మా, కొత్తవాళ్ల ఇంటర్వ్యూల్లో నేను పెద్ద ప్రశ్నలేమీ అడగను. సెన్సర్ సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ ఎందుకు, సున్నా నుంచి ఎందుకు మొదలవదు అని అడుగుతా. ట్యాంకు ఖాళీగా ఉన్నా 4 వస్తుంది, అదే సున్నా చూపిస్తే వైరు తెగిందనో సెన్సర్ పోయిందనో తెలిసిపోతుంది. మార్కులు 80 శాతం దాటినవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నమలడం చూశాను, ల్యాబులో చెయ్యి పెట్టినవాడు మాత్రం టక్కున చెప్తాడు.

మామయ్యగారి మాట గురించి. మా టీమ్‌లో పీఎల్‌సీ ప్రోగ్రామింగ్, ప్యానెల్ డిజైన్ చేసే అమ్మాయిలు ఉన్నారు, సైటుకీ వస్తారు. అయితే ఒకటి దాచను, కొత్త లైన్ స్టార్ట్ చేసే రోజుల్లో రాత్రీ పగలూ ఉండదు, పండక్కి ఇంటికెళ్లడం కష్టం, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువే ఉండొచ్చు. ఇది అబ్బాయిలకైనా అంతే. ఇంకో చిరాకు, కొన్ని కంపెనీల దరఖాస్తు ఫారాల్లో మన బ్రాంచి పేరే ఉండదు, "ఇతర" అని నొక్కాలి. నన్నడిగితే చదువులో ఎలక్ట్రికల్, కంట్రోల్స్ వైపు గట్టిగా పట్టుకో. డ్రాయింగ్ తెలిసినవాళ్లు దొరుకుతారు, మోటారు ఎందుకు ట్రిప్ అవుతోందో కనిపెట్టేవాళ్లకే కరువు.

గేట్_బాబాయ్:
గేట్‌లో మెకట్రానిక్స్‌కి విడిగా పేపర్ లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఇలా ఏదో ఒకటి ఎంచుకుని రాయాలి. నీ సిలబస్ సగమే కవర్ అవుతుంది, మిగతాది సొంతంగా చదువుకోవాల్సిందే. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే మాత్రం పాత నోటిఫికేషన్లు తీసి అర్హత బ్రాంచిల జాబితా ముందే చదువు. డిగ్రీ మీద బ్రాంచి పేరు ఎలా ముద్రిస్తారో కూడా కాలేజీలో కనుక్కో, అభ్యంతరం వస్తే అక్కడే వస్తుంది.

జర్మనీ_అక్క:
చెల్లీ, నిజమే, ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇంగ్లిష్‌లో మెకట్రానిక్స్ మాస్టర్స్ హాంబుర్గ్ టెక్నికల్ యూనివర్సిటీలో ఉంది, సీగెన్‌లో ఉంది. చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు గానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకి సెమిస్టర్‌కి 1500 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకునే ఖాతా) ఏడాది ఖర్చులకి 11,904 యూరోలు చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి ఇదే లెక్క, మళ్లీ పెంచారేమో అప్లై చేసేటప్పుడు చూసుకో. మన చదువు పత్రాలు సరైనవేనని జర్మనీ వాళ్లు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. మన బ్రాంచికి లాభం ఏంటంటే, వాళ్లు బ్యాచిలర్స్ సబ్జెక్టులు ఒక్కొక్కటీ సరిపోల్చి చూస్తారు, మెకానిక్స్, ఎలక్ట్రికల్, కంట్రోల్స్ మూడింట్లోనూ క్రెడిట్లు కనపడితే పని సులువు. జర్మన్ భాష బీటెక్‌లోనే మొదలుపెట్టు. క్లాసులు ఇంగ్లిష్‌లో అయినా ఫ్యాక్టరీలో టెక్నీషియన్ ఇంగ్లిష్ మాట్లాడడు.

ఖమ్మం_పిల్ల:
అందరికీ థాంక్స్. ఇదంతా నాన్నకి చదివి వినిపించా, "సరే, కాలేజీ చూసొద్దాం" దాకా వచ్చారు! లిస్టులో ఇంకో కాలేజీ కూడా ఉంది, వాళ్ల బ్రోచర్ మీద పెద్ద రోబో ఆర్మ్ ఫొటో ఉంది. వెళ్తే ఏం చూడాలి?

పుణె_ప్యానెల్:
ఆన్ చేసి చూపించమను. తాళం ఎవరి దగ్గరుందో వెతకడం మొదలుపెడితే నీకు విషయం తెలిసిపోతుంది. పీఎల్‌సీ కిట్ల దగ్గర వైర్ల చివర్లు నలిగి, స్క్రూలు అరిగి ఉన్నాయంటే మంచి గుర్తు, పిల్లలు వాడుతున్నట్టు. ల్యాబ్ అటెండర్‌ని పలకరించు, ప్రిన్సిపాల్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు.