వాపు తగ్గినా చూపు ఎందుకు రాలేదు? రెటీనా సిర మూసుకుపోయిన కంటి గురించి

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):

మా నాయనకు 63 ఏళ్లు, పదేళ్లుగా బీపీ ఉంది. సంక్రాంతి దాటిన తరువాత ఒక ఉదయం కుడి కన్ను మసకబారింది. మోతిబిందు అయి ఉంటుంది, నాట్లు అయ్యాక చూపించుకుందాం అని ఆయన దాదాపు రెండు నెలలు ఊరుకున్నారు. చివరికి నల్లగొండలో చూపిస్తే, రెటీనాలోని (కంటి వెనుక ఉండే చూపు తెర) ప్రధాన సిర మూసుకుపోయిందని చెప్పి హైదరాబాద్‌కు పంపారు. అప్పటి చూపు 6/60 (అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలగడం). కంట్లోకి నాలుగు ఇంజెక్షన్లు వేశాక ఓసీటీలో (రెటీనా పొరలను చూపే స్కాన్) మాక్యులా (రెటీనా నడిభాగం) మందం 610 మైక్రాన్ల నుంచి 280కి దిగింది కానీ, చూపు 6/36 దగ్గరే ఆగింది. మా వాడకట్టులో ఒకాయనకు ఇదే జబ్బుకు మూడు సూదులతోనే 6/9 వచ్చింది. వాపు పోయినా చూపు రాకపోవడానికి కారణమేమిటి? ఇంకా ఇంజెక్షన్లు వేయించడం దండగేనా?

జవాబు (మహబూబ్‌నగర్, కంటి విభాగంలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను):

ముందుగా ఆ పోలికను పక్కన పెట్టండి. మీ పొరుగాయనకు మూసుకుపోయింది బహుశా ఆ సిర శాఖల్లో ఒకటి మాత్రమే అయి ఉంటుంది. శాఖ మూసుకుపోతే రెటీనాలో ఆ భాగమే దెబ్బతింటుంది, మీ నాయనగారిలా ప్రధాన సిర మూసుకుపోతే మొత్తం రెటీనాలో రక్తం నిలిచిపోతుంది. రెండింటినీ మనం "కంటి నరంలో అడ్డు" అనే ఒకే మాటతో చెప్పుకుంటాం కాబట్టి ఈ గందరగోళం వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంజెక్షన్ చేసే పని, రక్తనాళాల నుంచి నీరు కారడాన్ని తగ్గించి వాపును దించడం. వాపు ఉన్నన్ని రోజుల్లో చనిపోయిన కాంతిగ్రాహక కణాలను అది తిరిగి పుట్టించలేదు. అందుకే ఓసీటీ రిపోర్టులో మందం అంకె ఒక్కటే చూసి సంతోషించడం, నా దృష్టిలో, సగం రిపోర్టు చదవడమే. మాక్యులా నడిమధ్యలో కాంతిగ్రాహకాల గీత తెగకుండా ఉందా, లోపలి పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయా, లేక ఒకదానిలో ఒకటి కలిసిపోయాయా అన్నది డాక్టరుగారిని అడగండి. రెండవది, మాక్యులాకు రక్తం అందుతోందా లేదా అన్నది. దీన్ని చేతి నరంలోకి రంగు ఎక్కించి తీసే యాంజియోగ్రాముతో చూస్తారు (మరునాటి వరకు మూత్రం పసుపుపచ్చగా వస్తే భయపడకండి). మధ్యభాగపు సూక్ష్మనాళాలు మూసుకుపోయి ఉంటే వాపు పూర్తిగా పోయినా చూపు పెద్దగా పెరగదు.

అన్నిటికంటే బలమైన సూచిక మొదటి రోజు చూపే. ఈ ఇంజెక్షన్లు రాకముందు అమెరికాలో ప్రధాన సిర రోగులను మూడేళ్ల వరకు గమనించి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, 6/12 లేదా అంతకంటే మెరుగైన చూపుతో వచ్చినవారిలో 65 శాతం మంది దాన్ని నిలుపుకున్నారు. 6/60 కంటే తక్కువతో వచ్చినవారిలో 80 శాతం మంది అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు పరిస్థితి మెరుగే. అయితే మందుల పరీక్షల్లో ఆరు నెలలు ఆలస్యంగా ఇంజెక్షన్ మొదలుపెట్టినవారు, మొదటి నుంచీ తీసుకున్నవారిని చూపులో పూర్తిగా అందుకోలేకపోయారు. మీ నాయనగారి విషయంలో రెండు నెలల ఆలస్యం కూడా కొంత లెక్కలోకి వస్తుంది.

జవాబు (దేవరకొండ, విశ్రాంత ఉపాధ్యాయురాలిని):

తమ్ముడూ, నాకు శాఖ మూసుకుపోయింది. రెండు ఇంజెక్షన్లకే అక్షరాలు స్పష్టంగా కనిపించడంతో, అంత దూరం బస్సులో పోయి రావడం ఎందుకని మానేశాను. పది వారాల్లో వాపు తిరిగి వచ్చింది, మళ్లీ మొదలుపెట్టాక చూపు వచ్చింది కానీ మునుపటంత రాలేదు. ఖర్చు గురించి అయితే డాక్టరుగారితో నోరు విప్పి మాట్లాడండి. నాకు బెవాసిజుమాబ్ (ఈ వాపుకే కంట్లో వేసే మందుల్లో ఒకటి) వేశారు, ధర చాలా తక్కువ.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫైలు మళ్లీ చూశాను. యాంజియోగ్రాములో మాక్యులా మధ్యలో రక్తప్రసరణ తగ్గిందని రాసి ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్):

అయితే 6/36 దగ్గర ఆగడానికి కారణం చాలావరకు అదే. అయినా ఇంజెక్షన్లు దండగ కాదు. ప్రసరణ తగ్గిన కంట్లో కనుపాప అంచున కొత్త నాళాలు పుట్టి, కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగే గ్లకోమా వచ్చే ప్రమాదం ఉంది. ఇంజెక్షన్లు దాన్ని కొంతకాలం అణచి ఉంచుతాయి, ఆపిన తరువాత అది తల ఎత్తవచ్చు. కాబట్టి ఇంజెక్షన్లు ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే నిర్ణయించాలి, ఆపిన తరువాత కూడా నెలనెలా చూపించాలి. కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు వస్తే తెల్లవారేదాకా ఆగకండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించి, ఎడమ కంటి ఒత్తిడి కూడా కొలిపించండి, ఎందుకంటే ఇదే జబ్బు రెండో కంటికీ రావచ్చు. రక్తం పలుచబడుతుందని ఎవరో చెప్పారని ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టకండి. గుండె కోసం ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపనూ ఆపకండి.