ఎవరి కొంపా ముంచని మనిషిని కూడా పాపి అనడం ఏంటి? రక్షణ ఎందుకు కావాలి?

సందేహాల_పుట్ట:
అందరికీ నమస్తే. నేను క్రిస్టియన్ కాదు, కొన్నాళ్లుగా బైబిల్ చదువుతున్నా, గొడవకి కాదు నిజంగానే అర్థం కాక అడుగుతున్నా. నా ఫ్రెండ్ ఒకడు ప్రార్థనకి రమ్మని పిలుస్తుంటాడు, మంచోడే, కానీ ఏం మాట్లాడినా చివరికి "మనమందరం పాపులం, నీకూ రక్షణ కావాలి" (అంటే పాపం నుంచి, దాని శిక్ష నుంచి విడుదల) దగ్గరికే వస్తాడు. నాకు అక్కడే కాలుతుంది. నేనేదో మహాత్ముణ్ణి అనట్లేదు, అబద్ధాలు ఆడతా, కోపం వస్తే నోరు జారతా, కానీ ఒకరి సొమ్ము తినలేదు ఒకరి కడుపు కొట్టలేదు. నన్నూ ఒక హంతకుణ్ణీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా? పైగా ఎప్పుడో ఆదాము పండు తింటే ఆ లెక్క నా ఖాతాలో ఎందుకు పడాలి, పుట్టకముందే దోషినైతే ఇంక నేను మంచిగా బతికి ఏం లాభం చెడ్డగా బతికి ఏం నష్టం. "నమ్మాలి అంతే" అనే ఆన్సర్ మాత్రం వద్దు ప్లీజ్.

కృప_చాలు:
బ్రదర్, అన్ని పాపాలూ సమానం అని బైబిల్ అనదు. తనకి తీర్పు తీర్చే రోమా అధికారి పిలాతు ముందు నిలబడి యేసే అన్నాడు, "నన్ను నీకు అప్పగించిన వానికి ఎక్కువ పాపము కలదు" అని (యోహాను 19:11). అంటే ఎక్కువ తక్కువలు ఉన్నాయి.

మీ ఫ్రెండ్ చెప్పే "అందరును పాపము చేసి" రోమా 3:23లోది. దాన్ని ఒక్క వచనంగా పీకి చెప్తే తిట్టులాగే ఉంటుంది, అసలు ఆ పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు రోమ్‌లోని విశ్వాసులకి రాసిన ఉత్తరం, మొదటి నుంచి చదివి చూడండి. 1వ అధ్యాయంలో పౌలు విగ్రహాలూ వ్యభిచారం హత్య మోసం అని పెద్ద చిట్టా విప్పుతాడు, భక్తిగలవాడు చదువుతూ "కరెక్టే, వాళ్లు అంతే" అని తల ఊపుతుంటాడు. 2వ అధ్యాయం మొదటి మాటకే వేలు ఇటు తిరుగుతుంది, తీర్పు తీర్చే మనిషీ నువ్వెవడివైనా సరే నీకూ సాకు లేదు అని. మోషే ధర్మశాస్త్రం చేతిలో ఉన్న యూదుడు కూడా తప్పించుకోలేడని చెప్పాకే "అందరును" వస్తుంది. కాబట్టి ఆ మాట ముందు తగలాల్సింది ప్రార్థనకి వెళ్లేవాళ్లకే, మీకు కాదు. మీ ఫ్రెండ్ దాన్ని మీ వైపు మాత్రమే గురిపెట్టి చెప్తే సగమే చెప్పినట్టు.

హంతకుడి విషయం మత్తయి 5లో చూడండి. నరహత్య చేయొద్దు అన్నది అందరికీ తెలుసు, యేసు కోపం దగ్గరికీ "ద్రోహీ" అని తిట్టిన మాట దగ్గరికీ వెళ్లాడు. చేతులు చేసినవి కొన్నే, మనసులో పుట్టినవి ఎన్నో. చేసే అవకాశం రాక, ధైర్యం చాలక, పరువు పోతుందని ఆగిపోయినవి ఎన్నున్నాయో ఎవరికి వాళ్లకే తెలుసు.

మాజీ_సండేస్కూల్:
నేను అలాంటి క్రైస్తవ ఇళ్లల్లో పెరిగినవాణ్ణే కాబట్టి రెండో వైపు చెప్తా. చిన్నప్పుడు పడుకునేముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ రోజు చేసిన పాపాలు ఒప్పుకోవాలి, కొన్ని రోజులు ఎంత వెతికినా ఒక్కటీ గుర్తొచ్చేది కాదు, ఇంట్లోవాళ్లు వింటున్నారు కదా, "ప్రభువా ఇవాళ అబద్ధం చెప్పాను" అని కల్పించి చెప్పేసేవాణ్ణి. ఆ రోజు మొత్తానికి నేనాడిన అబద్ధం అదొక్కటే. ఏడెనిమిదేళ్ల పిల్లాడికి ఇది అవసరమా?

ముందు జబ్బుందని నమ్మించి తర్వాత మందు అమ్మడమే ఇది అనిపిస్తుంది నాకు. ఇంక ఆదాము సంగతి. యెహెజ్కేలు 18 చదవండి, తండ్రి దోషం కొడుకు మోయడు, పాపం చేసినవాడే దానికి బాధ్యుడు అని ఆ అధ్యాయం అంతా అదే. మరి ఆదాము పాపం మనకి అంటుతుందన్న మాట ఎక్కడ్నుంచి వచ్చింది?

పాత_పుస్తకాల_పిచ్చి:
మీరు చెప్పిన పిల్లాడి అబద్ధం చదివి నవ్వొచ్చింది, బాధ కూడా వేసింది. ఒప్పుకోలు మెత్తగా నేర్పాల్సింది, హాజరు పట్టీలా చేసేశారు.

ఆదాము గురించి క్రైస్తవులందరిదీ ఒకటే మాట అనుకోకండి, పెద్ద యుద్ధమే జరిగింది. 5వ శతాబ్దం మొదట్లో పెలేగియస్ అని బ్రిటన్ నుంచి వచ్చిన సన్యాసి రోమ్‌లో ఉండేవాడు. ఆదాము పాపం ఆదాముదే, మనకి చెడ్డ ఉదాహరణ మాత్రమే, మనిషి గట్టిగా తల్చుకుంటే పాపం లేకుండా బతకొచ్చు అనేది అతని వర్గం వాదన. వినడానికి ఎంత బాగుందో చూడండి. దానికి ఎదురు నిలబడింది ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్, చివరికి 418లో కార్తేజ్ సభ పెలేగియస్ వర్గం బోధని ఖండించింది. నాకు ఇక్కడ అగస్టీన్ పక్షమే సరైంది అనిపిస్తుంది, ఎందుకంటే నువ్వు అనుకుంటే పాపం మానేయగలవు అని చెప్తే, మానలేకపోయిన ప్రతివాడూ ఇంక కావాలనే చేస్తున్న దుర్మార్గుడు అయిపోతాడు. దయగా కనపడే బోధ పడిపోయినవాడి మీద ఎంత కఠినంగా తయారవుతుందో.

అగస్టీన్ తన ఆత్మకథలో ఒకటి రాసుకున్నాడు, పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి పక్క తోటలో బేరిపండ్లు దొంగిలించడం గురించి. ఆకలికి కాదు, అంతకన్నా మంచివి తన దగ్గరే ఉన్నాయి, కోసినవాటిలో చాలావరకు పందులకి పారేశారట. తప్పు అని తెలిసి, తప్పు కాబట్టే చేయడంలో ఆ రుచి ఎందుకుందో అని పేజీలకి పేజీలు తవ్వుకుంటాడు. పండ్లకి అంత రాద్ధాంతమా అంటారు కొందరు, నాకైతే ఆయన సరైన చోటే పట్టుకున్నాడనిపిస్తుంది. రోమా 7లో పౌలు కూడా "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అంటాడు. ఇది నమ్మించి అమ్మే జబ్బు కాదండీ, ఎవరూ చెప్పకపోయినా ఉన్నదే.

యెహెజ్కేలు మాట మాత్రం గట్టిదే. తూర్పు సంఘాలు, అంటే ఆర్థడాక్స్ వాళ్లు, ఇప్పటికీ ఆదాము నేరం మనకి రాదు, ఆయన వల్ల వచ్చిన మరణమూ చెడిపోయిన స్వభావమూ మాత్రం వస్తాయి అంటారు. కాథలిక్కులు కూడా జన్మపాపం మనం స్వయంగా చేసిన తప్పు కాదనే చెప్తారు. ఆదాము దోషమే మనమీద లెక్కకట్టబడింది అని గట్టిగా చెప్పేది ప్రొటెస్టెంట్లలో కొన్ని శాఖలు. సందేహాల_పుట్ట గారూ, మీ ఖాతా ప్రశ్న వాళ్లకి వేయాల్సిందే, నన్నడిగితే తూర్పువాళ్ల మాట యెహెజ్కేలుకి దగ్గరగా ఉంది.

సందేహాల_పుట్ట:
ఇంత ఓపికగా చెప్పినందుకు థాంక్స్ అండి. అయితే ఇంకోటి, మరి మంచి పనులకి విలువ సున్నానా? జీవితమంతా చెడ్డగా బతికినోడు చివరి గంటలో ప్రభువా అంటే పరలోకం, జీవితమంతా దానాలు చేసినోడు నమ్మలేదు కాబట్టి బయట. ఇదేం లెక్క.

కృప_చాలు:
మీరు అడిగిన మనిషి బైబిల్లోనే ఉన్నాడు. అపొస్తలుల కార్యములు 10, కైసరయలో కొర్నేలీ అనే శతాధిపతి. భక్తిపరుడు, ధర్మాలు చేస్తాడు, ఎప్పుడూ ప్రార్థన చేస్తాడు. దేవదూత వచ్చి నీ ధర్మకార్యాలు దేవుడి సన్నిధికి చేరాయి అంటాడు, సున్నా అనలేదు! కానీ అక్కడితో ఆపకుండా యొప్పేకి మనుషుల్ని పంపి పేతురుని పిలిపించుకో, నువ్వు రక్షణ పొందే మాటలు అతను చెప్తాడు అంటాడు. మంచితనం దేవుడి లెక్కలో ఉంది, మంచితనమే రక్షణ మాత్రం కాలేదు. ఇంతకన్నా నేను సాగదీయను.

చివరి గంటవాడు సిలువ మీద దొంగ. అవును, అతనికి ఏ పనీ చేసే టైమ్ లేదు, "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడంతే. అదే టైమ్ ఉన్నవాడి కేసు చూడాలంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య. యేసు ఇంటికొచ్చాక సగం ఆస్తి బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తా అన్నాడు. కృప, అంటే అర్హత చూడని దేవుడి దయ, వచ్చింది కాబట్టి డబ్బు కదిలింది. "చెడ్డగా బతికితే ఏం నష్టం" అన్న మీ ప్రశ్నని పౌలే రోమా 6:1లో వేసుకుని అట్లనరాదు అని కొట్టేశాడు.

పాత_పుస్తకాల_పిచ్చి:
దీనికి చిన్న తోక. రక్షణ విశ్వాసం వల్లా క్రియల వల్లా అని, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ కాలం నుంచి కొట్టుకున్న వాళ్లే 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, దేవుడు మనల్ని అంగీకరించేది కృపవల్లే, మన యోగ్యత వల్ల కాదు, ఆ కృపే మంచి పనులకి మనల్ని లేపుతుంది అని. తేడాలన్నీ పోయాయని కాదు, ఈ ఒక్క దగ్గర లూథరన్లూ కాథలిక్కులూ కలిశారు.

మాజీ_సండేస్కూల్:
అంతా బాగానే చెప్పారు, మరి బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపాపలు? అగస్టీన్ వాళ్లకీ శిక్ష తప్పదన్నాడు కదా, మెత్తటి శిక్షే అయినా. ఆయన పక్షం అన్నారు మీరు.

పాత_పుస్తకాల_పిచ్చి:
అక్కడ ఆయన పక్షం కాదు. అది తర్వాత వాళ్లకీ మింగుడు పడలేదు, అందుకే లింబో అని, పరలోకమూ కాదు బాధ పెట్టే శిక్షా లేదు అనే చోటు గురించి, ఒక ఆలోచన పుట్టింది. 2007లో వాటికన్ వేదాంతుల కమిషన్ ఒక పత్రంలో, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయి అని రాసింది, ఖాయం అని మాత్రం అనలేదు.

మాజీ_సండేస్కూల్:
ఖాయం అనలేకపోవడమే నా ప్రాబ్లమ్.

సందేహాల_పుట్ట:
నాకు పసిపాపల కంటే ఆ సువార్త అసలు చెవిన పడని వాళ్ల సంగతే తేలట్లేదు.

కృప_చాలు:
దానికి కొత్త థ్రెడ్ వేయండి, ఇందులో కలిపితే ఎవరికీ దొరకదు. వేసేముందు రోమా 2:14 నుంచి 16 దాకా చదివి రండి, సగం గొడవ అక్కడే ఉంటుంది.