"యూరఁ జొరకుము"నా, "యూరు సొరకుము"నా? గ్రీసు పల్లె నుంచి ఒక సందేహం

మెల్‌బోర్న్ కోడలు:
పెద్దలకి నమస్కారం. నాలుగు రోజులుగా సుమతీ శతకంలో ఒక పద్యం సగమే గుర్తొచ్చి నిద్ర పట్టనివ్వడం లేదు. "ఎప్పుడు నెడతెగక బాఱు నేఱును ద్విజుడున్" దాకా వస్తోంది. తర్వాత ఏదో ఒక మాట, ఆపైన "యూర నుండుము". ఆ మాటేమిటి? "ఒప్పైన" అని నోటికొస్తోంది గానీ అది కాదని నాకే తెలుస్తోంది.

ఇప్పుడీ పద్యం ఎందుకంటే, మేం గ్రీసులో ఉన్నాం. కీథిరా ద్వీపం, ఉత్తరం కొసన కరవాస్ పక్కనున్న చిన్న పల్లె. మా మామగారు పుట్టిన ఊరు. ఆయన 1962లో, పందొమ్మిదేళ్ళప్పుడు, పిరేయస్ రేవులో ఓడెక్కి మెల్‌బోర్న్‌లో దిగారు. ఓడ పేరు పాత్రిస్. గ్రీకులో స్వదేశం అని అర్థం. "స్వదేశం ఎక్కి దేశం వదిలాను" అనేవారు. మళ్ళీ ఒక్కసారీ రాలేదు. పోయినేడు ఆయన కాలం చేశాక మా ఆయన మొదటిసారి ఈ ఊళ్ళో కాలు పెట్టారు.

సందులో ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి "తీనోస్ ఈసే?" అంది. నువ్వు ఎవరివాడివి అని. మా ఆయన ఇంటిపేరు చెప్పారు. ఆవిడ పెదవి విరిచింది. ఊళ్ళో సగం మందికి అదే ఇంటిపేరట. అందుకని ఇంటింటికీ వేరే ఒక ముద్దుపేరో వెక్కిరింపు పేరో ఉంటుంది, పరాత్సుక్లి అంటారు. మామగారు ఎప్పుడో నవ్వుతూ చెప్పింది గుర్తుండి, అది చెప్పారు. ఆవిడ చేతులు తుడుచుకుని, ఒక్క మాటైనా అనకుండా లోపలికెళ్ళి బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చింది. అందులో మా పెళ్ళి ఫోటో! మామగారి చిన్నాన్న కూతురావిడ. అంటే మా ఆయనకి మేనత్త. ఎనభై ఏడేళ్ళు. మా నుదుటి మీద బాసికాలు చూసి, పెళ్ళినాడే ఇద్దరికీ తలలు పగిలి కట్లు కట్టారనుకుందట. పదహారేళ్ళుగా అదే బెంగ. ఉత్తరం రాసి అడిగితే అశుభమని అడగలేదట.

సాయంత్రం అమీర్ అలీ ఊట దగ్గర చెట్ల కింద కూర్చున్నాం. ఊళ్ళో ఇప్పుడు ఎవరెవరున్నారు అత్తయ్యా అంటే వేళ్ళు మడుస్తూ చెప్పింది. డాక్టరు కావాలంటే పొటమోస్ వెళ్ళాలి. పాపాస్, అంటే చర్చి పూజారి, పండగకి వస్తాడు. చేబదులు ఇవ్వగలిగిన వాళ్ళంతా ఆస్ట్రేలియాలో ఉన్నారు. నాలుగో వేలు మడవకుండా నీళ్ళకేసి చూపించింది. అప్పుడు తగిలింది నాకీ పద్యం. ఆవిడకి అర్థం చెప్తానని మాటిచ్చాను. మా ఆయన గ్రీకులోకి మారుస్తారు. కాబట్టి మాట మాటకీ కావాలి.

తెనాలి మాస్టారు:
జొప్పడిన.
"అప్పిచ్చువాడు, వైద్యుడు
నెప్పుడు నెడతెగక బాఱు నేఱును, ద్విజుడున్
జొప్పడిన యూర నుండుము
చొప్పడకున్నట్టి యూరఁ జొరకుము సుమతీ".
ద్విజుడున్ చివరి ద్రుతం, అంటే ఆ న్, దాని వల్ల చొ కాస్తా జొ అయింది. ఐదో తరగతి పిల్లాడు చెప్తాడమ్మా. బాసికం సంగతి మాత్రం అద్భుతం.

బండి ఱ:
మాస్టారూ, నాలుగో పాదం మళ్ళీ చూడండి. మా తాతగారి దగ్గర నేర్చుకున్నది "యూరు సొరకుము". ఊరు ప్రాణం లేనిది, అంటే జడం. ఆ పదానికి ద్వితీయ బదులు ప్రథమ వచ్చింది, దాని మీద చకారం సకారమైంది. చొచ్చు, అంటే లోపలికి వెళ్ళు, ఆ క్రియకి కర్మ కావాలి. ఊరు చొచ్చాడు, ఇల్లు చొచ్చాడు, శరణు చొచ్చాడు.

తెనాలి మాస్టారు:
మూడో పాదంలో "యూర నుండుము" అని సప్తమి ఉంది కదా. నాలుగో పాదం దానికి జోడీ. ఉండే ఊరికి ఒక విభక్తి, చొరని ఊరికి ఇంకో విభక్తీనా?

బండి ఱ:
అక్కడే పొరపాటు జరిగింది. రాసినాయన కన్ను పైపాదం మీద పడి, కింద కూడా "యూర" అని రాసేశాడు. తాటాకు ప్రతుల్లో ఇది మామూలే. యతి చూస్తే చొకి జొ సరిపోతుంది, సొ కూడా సరిపోతుంది. గణాలూ అంతే, ర అయినా రు అయినా లఘువే. ఛందస్సు ఎవరి వైపూ సాక్ష్యం చెప్పదు.

పాలమూరు పిల్ల:
అక్కా, "తీనోస్ ఈసే" చదివి ఒళ్ళు ఝల్లుమంది. మా ఊళ్ళ ముసలమ్మలు అచ్చం ఇట్లనే అడుగుతరు, "ఎవల బిడ్డవు?" అని. పేరు అడగరు. పేరు చెప్పినా పట్టించుకోరు.

సిక్కోలు కుర్రాడు:
మా వైపు "ఎవల తాలూకా?" అంటారండి. ఉద్యోగం, జీతం తర్వాత. ముందు తాలూకా తేలాలి.

తెనాలి మాస్టారు:
తాలూకు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. సంబంధం అని అర్థం. మండలాలు రాకముందు మన రెవెన్యూ తాలూకా కూడా అదే మాట. మరి ఉర్దూ రాకముందు మన ముసలమ్మలు ఏమని అడిగేవారో?

గోదారి గట్టు:
అసలు విషయం పక్కదారి పట్టింది. చొప్పడిన అంటే ఏమిటో చెప్పండి ముందు. ఆవిడ గ్రీకులోకి మార్చుకోవాలి.

తెనాలి మాస్టారు:
అమరిన. ఈ నలుగురూ అమరిన ఊరు.

బండి ఱ:
దొరికిన. అమరిన అంటే కుదురుగా సర్దుకున్న అనే అర్థం వస్తుంది. ఇక్కడ లభ్యతే ముఖ్యం.

గోదారి గట్టు:
నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం, నవ్వకండి. చొప్పు అంటే జాడ, అడుగుజాడ. పాత కావ్యాల్లో ఆవుల చొప్పు, దొంగల చొప్పు వెతుకుతారు. "రోజుకి రెండు చొప్పున" అన్నప్పుడు ఉన్నదీ ఆ చొప్పే. చొప్పు + పడు, చొప్పడు. అంటే చొప్పడిన ఊరు మనవాళ్ళ జాడ పడిన ఊరు! మెల్‌బోర్న్ అమ్మాయి భర్త వెళ్ళిన ఊరు సరిగ్గా అదే. పరాత్సుక్లి చెప్పగానే జాడ దొరికింది చూడండి.

బండి ఱ:
అయ్యా, మరి "చొప్పడకున్నట్టి యూరు"? జాడ పడని ఊరు చొరవద్దంటే ఎవరైనా కొత్త ఊరికి ఎలా వెళ్ళాలి? పైగా వైద్యుడి జాడ, ఏటి జాడ వెతుక్కుంటూ తిరగాలా? పద్యంలో కర్తలు నలుగురు ఉన్నారు. వాళ్ళు చొప్పడాలి, మన పూర్వీకులు కాదు. మీది చొప్పదంటు సిద్ధాంతం.

గోదారి గట్టు:
జొన్న చొప్ప వేరు, నా చొప్పు వేరు. ఆ తేడా తెలియకుండా వెక్కిరించడం మీకే చెల్లింది.

పిట్టల పిచ్చోడు:
నాది ఇంకో చొప్పదంటు. ద్విజ అంటే పక్షి అని కూడా ఉంది కదా, గుడ్డుగా ఒకసారి పిల్లగా ఒకసారి పుడుతుంది కాబట్టి. నీళ్ళున్న ఊళ్ళో పిట్టలుంటాయి. ఏఱును ద్విజుడున్ పక్కపక్కనే ఎందుకు పెట్టాడంటారు?

తెనాలి మాస్టారు:
డు ప్రత్యయం చూడలేదా నాయనా? పిట్టయితే ద్విజము. పిట్టకి మగవాళ్ళకి వాడే మహద్వాచకం పెట్టిన మొదటివాడివి నువ్వే. పనిలో పని, "నేఱును ద్విజుడున్" దగ్గర చాలామంది ను గురువనుకుని తడబడతారు. వేరే పదం మొదట ఉన్న సంయుక్తాక్షరానికి ముందు లఘువు లఘువే. నే, ఱు, ను, సరిగ్గా భగణం.

సిక్కోలు కుర్రాడు:
నాకు తోచింది చెప్తాను. ఊట దగ్గర గుర్తొచ్చింది అన్నారు కదా. నీరు ఊరే చోటు కాబట్టే ఊరు అన్నారేమో? శతకం మొదటి పద్యంలోనే "నోరూరగ చవులు పుట్ట" అని ఊరడం ఉంది.

బండి ఱ:
ఇందుకే నా పేరు ఇలా పెట్టుకున్నాను. నీళ్ళు ఊఱుతాయి, బండి ఱ. మనుషులుండేది ఊరు, మామూలు ర. తమిళంలో ఇప్పటికీ రెండూ వేర్వేరుగానే రాస్తారు. మనం ఱ వదిలేసి ఇలాంటి బంధుత్వాలు కలుపుకుంటున్నాం.

సిక్కోలు కుర్రాడు:
సరేనండి, వెనక్కి తీసుకుంటున్నా. కానీ అందంగా ఉంది కదా?

పాలమూరు పిల్ల:
అక్కా, మొదటి పోస్టులో "ఎప్పుడు" అని అచ్చుతో మొదలుపెట్టినవ్. ఇంకో పద్యంతో కలిసిపోలేదు కదా? "ఎప్పుడు సంపద కలిగిన నప్పుడు బంధువులు వత్తురు", చెఱువు నిండితే కప్పలు పదివేలు చేరేది. రెండింటికీ ప్ప ప్రాసే.

మెల్‌బోర్న్ కోడలు:
అమ్మో, నిజమే! ఊట దగ్గర మొదట వచ్చింది ఆ కప్పల పద్యమే. నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఇక్కడ ఎవరు కప్పలో తేల్చడం కష్టం. చిన్నప్పుడు ఇంటి పైకప్పుకీ, బావి తవ్వకానికీ ఆస్ట్రేలియా డబ్బే వచ్చేదని అత్తయ్య చెప్పింది. కీథిరా వాళ్ళు అక్కడ చిన్న చిన్న పట్నాల్లో కేఫ్‌లు నడిపి పంపేవారు. ద్వీపంలో ఉన్నవాళ్ళ కంటే ఆస్ట్రేలియాలో ఉన్న కీథిరా సంతతే ఎక్కువ అని ఇక్కడ అందరూ గర్వంగానే అంటారు. ఇప్పుడు మేం వచ్చి, అత్తయ్య పెట్టిన నారింజ తొక్కల పాకం స్పూనుతో తిని, గ్లాసు నీళ్ళు తాగి, వెళ్ళేటప్పుడు రస్కుల మూట కూడా పట్టుకెళ్తున్నాం. కప్పలం మేమే.

ఇంకో సంగతి. ద్వీపంలో పెద్ద ఊళ్ళలో ఒకటైన పొటమోస్ పేరుకి ఏరు అనే అర్థం. ఆసుపత్రి ఉన్నదీ అక్కడే. వైద్యుడు, ఏరు ఒకే చోట చొప్పడ్డారు!

తెనాలి మాస్టారు:
చొప్పడ్డారు కాదు, చొప్పడినారు. అయినా ఆ మాట ఇవాళ వాడి చూపించినందుకు మార్కులు వేస్తాను.

గోదారి గట్టు:
అత్తయ్యకి చొప్పడిన అంటే ఏమని చెప్పారు మరి?

మెల్‌బోర్న్ కోడలు:
ఇప్పుడే చెప్పి వచ్చాం. మీ ముగ్గురి అర్థాలూ మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన గ్రీకు వంటింటి గ్రీకు, మూడూ పట్టలేదు. "ఉన్న ఊరు", "లేని ఊరు" అని చెప్పేశారు. అత్తయ్య శ్రద్ధగా వింది. నలుగురిలో ఒక్కటే ఉంది కాబట్టి మీ కవి లెక్కలో మా ఊరు రావద్దన్న ఊరేనా అంది. మా ఆయన నావైపు చూశారు. నేను చొరకుము దగ్గర ఆగిపోయాను. ఆవిడేమో మేం వచ్చినప్పటి నుంచీ "ఎలా మేసా" అంటూనే ఉంది, లోపలికి రండి అని. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. దానికి నా దగ్గర జవాబు లేదు, మీరే చెప్పాలి. "ఈ సుమతి చెప్పినాయన, తీనోస్ ఈనే?" అంది. ఎవరి తాలూకు అని.

తెనాలి మాస్టారు:
బద్దెన అని చెప్పండి. భద్రభూపాలుడు. నీతిశాస్త్రముక్తావళి ఆయనదే.

గోదారి గట్టు:
ముక్తావళి ఆయనదే. శతకం కూడా ఆయనదేనని రూఢిగా ఎవరు చెప్పారు? కందాలు రాసినవాళ్ళంతా బద్దెనలేనా?

తెనాలి మాస్టారు:
మరి ఎవరిదంటారు? పేరు చెప్పండి.

గోదారి గట్టు:
పేరు తెలియకపోతే తెలియదనాలి, దొరికిన ఇంటిపేరు తగిలించకూడదు. ఆ ముసలావిడని చూడండి, ఇంటిపేరు చెప్తే ఒప్పుకుందా?

సిక్కోలు కుర్రాడు:
బద్దెన పరాత్సుక్లి ఏమిటో దొరికితే తేలిపోతుందండి.

బండి ఱ:
ఎవరిదని చెప్పినా పర్వాలేదు గానీ అమ్మా, ఆవిడకి రాసిస్తే మాత్రం "యూరు సొరకుము" అని రాసివ్వండి.

తెనాలి మాస్టారు:
యూరఁ జొరకుము. అరసున్న మరిచిపోకండి.